రంగు కింద రేకు

నేను పని నేర్చుకున్నది విజయవాడ ఆటోనగర్ షెడ్లలో. మొదట టింకరింగ్, తర్వాత పెయింటింగ్. ఇప్పుడు సుత్తి ఎక్కువసేపు పట్టలేకపోతున్నా, షెడ్డుకు వెళ్ళడం మాత్రం మానలేదు. ఈమధ్య కుర్రవాళ్ళు తాతలనాటి ట్రాక్టర్లను పశువుల కొట్టాల్లోంచి లాక్కొచ్చి బాగుచేయమంటున్నారు. 1963లో మహీంద్రా వారు ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తో కలిసి పెట్టిన కంపెనీ బి-275లు, మద్రాసులో టాఫే వారు తయారుచేసిన మాస్సీ ఫెర్గూసన్లు, 1971 నుంచి ఎస్కార్ట్స్ వారు తయారుచేసిన ఫోర్డ్ 3000లు. కృష్ణా, గుంటూరు మాగాణుల్లో ఎడ్ల వెనక నడిచిన మనుషులను సీటు మీద కూర్చోబెట్టిన బళ్ళివి. ఇంజను చూసే మేస్త్రీలు ఇంకా దొరుకుతున్నారు. రేకు మనసు తెలిసినవాళ్ళే తగ్గిపోయారు. అందుకే నాకు తెలిసినవీ, తెలియక నేను చెడగొట్టినవీ రెండూ చెబుతున్నాను.

1. చేత్తో విప్పేముందు కళ్ళతో విప్పు.

బానెట్ ఊడదీయడం ఎంతసేపు? తిరిగి బిగించేటప్పుడు తెలుస్తుంది, ఏ రబ్బరు వాషరు ఎక్కడిదో, బ్రాకెట్ కింద దొరికిన పల్చని రేకుముక్క ఎందుకుందో అర్థం కాక. ఆ ముక్క ఎవరో మరిచిపోయింది కాదు నాయనా. గ్రిల్లుకూ బానెట్‌కూ మధ్య సందు సమంగా రావడానికి పెట్టింది. నాలుగు వైపులా ఫొటోలు తీసుకో. ఏ భాగం బోల్టులు ఆ భాగానికే సంచిలో కట్టి చీటీ వెయ్యి. సందులు ఎంతెంత ఉన్నాయో కొలిచి రాసుకో.

2. తుప్పు మట్టి చాటునే పెరుగుతుంది.

దమ్ము చేసిన ట్రాక్టరు మడ్‌గార్డు లోపలికి చెయ్యి పెట్టి చూడు. కేజీవీల్సు ఎగజిమ్మిన బురద మడతల్లో ఎండి, వానకు మళ్ళీ నాని, ఏళ్ళ తరబడి రేకును తడి ఆరనివ్వదు. బయట రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. ముందు చెక్క బద్దతో మట్టి గీకి, కిరసనాయిలుతో గ్రీజు వదిలించి, సబ్బునీళ్ళతో కడిగి బాగా ఆరనివ్వాలి. ఆ తర్వాత చిన్న సుత్తితో రేకంతా మెల్లగా తట్టుకుంటూ పోవాలి. గట్టి రేకు ఖంగుమంటుంది. తుప్పు తిన్నచోట శబ్దం చచ్చిపోతుంది. అక్కడ సుద్దతో గీత గియ్యి. బ్యాటరీ పెట్టె కింద తెల్లని పొడి కనిపిస్తే అది యాసిడ్ చేసిన పని. వంటసోడా కలిపిన నీళ్ళు పోస్తే నురగ వస్తుంది. నురగ రావడం ఆగేదాకా పోస్తూనే ఉండాలి. ఎరువు బస్తాలు మోసిన బళ్ళకు మడ్‌గార్డుల పైభాగం కూడా నమ్మడానికి వీల్లేదు. యూరియా, పొటాష్ రేకును ఊరికే వదలవు.

పని త్వరగా తెమలాలని ఒక మాస్సీ బానెట్‌ను శాండ్ బ్లాస్టింగుకు పంపాను. ఇసుక రవ్వ వేగంగా తగిలిన వైపు రేకు సాగుతుంది, వెడల్పు రేకయితే ఉబ్బి వంకరపోతుంది. ఆ బానెట్ మళ్ళీ చదునుకు రాలేదు. చక్రాల డిస్కులకూ మందపాటి బ్రాకెట్లకూ బ్లాస్టింగ్ మంచిదే. బానెట్‌కు మాత్రం పెయింట్ రిమూవరు, ఓపిక, ఈ రెండే మందులు.

3. సొట్ట వచ్చిన దారినే వెనక్కి పోవాలి.

కొత్తగా పనిలో చేరిన ప్రతివాడూ సొట్టలో అన్నిటికంటే లోతైన చోటు చూసి, వెనకనుంచి అక్కడే కొడతాడు. నేనూ అలాగే కొట్టేవాణ్ణి. దెబ్బ తగిలినప్పుడు ముందు మధ్యభాగం లోపలికి పోతుంది. చివర్లో దాని చుట్టూ ఒక గట్టు లేస్తుంది. ఆ గట్టు సొట్టకు తాళం వేసినట్టు పట్టి ఉంచుతుంది. కాబట్టి చివర వచ్చిన గట్టునే ముందు దించాలి. వెనక లోతున్న చోట డాలీ అనే ఇనుప దిమ్మ ఆనించి, ముందువైపు గట్టు మీద సుత్తితో తేలిగ్గా కొట్టాలి. సుత్తి పడేది డాలీ మీద కాదు, దాని పక్కన. గట్టు దిగుతుంటే మధ్యభాగం సగం దాకా దానంతటదే పైకి వస్తుంది. నేరుగా డాలీ మీద కొడితే రెండు ఇనుముల మధ్య రేకు నలిగి, పల్చబడి, సాగుతుంది. సాగిన రేకును బొటనవేలితో నొక్కితే టక్కుమని లోపలికి పోతుంది, వదిలితే మళ్ళీ టక్కుమని బయటికొస్తుంది.

అలా సాగిన చోటును గ్యాస్ మంటతో రూపాయి బిళ్ళంత మేర దానిమ్మ గింజ ఎరుపు వచ్చేదాకా కాల్చి, వెంటనే చుట్టూ చెక్క సుత్తితో తట్టి, తడిగుడ్డ అద్దాలి. వేడికి ఉబ్బిన ఇనుము చల్లారుతూ ముడుచుకుంటుంది. ఒకచోట ముడిచి, పూర్తిగా చల్లారాక మరో చోటు చూసుకోవాలి. ఆత్రంతో ఒకే పూట అన్ని చోట్లా కాలిస్తే రేకు మొత్తం ఒకవైపు గుంజుకుపోతుంది.

చదును అయిందో లేదో కంటికి తెలియదు. అరచేతి కింద పల్చని నూలుగుడ్డ పెట్టుకుని, రేకు మీద పొడుగ్గా నిదానంగా జరుపు. ఒట్టి చేతికి దొరకని ఎత్తుపల్లాలు గుడ్డ కింద దొరుకుతాయి. మా మేస్త్రీ ఈ పరీక్ష కళ్ళు మూసుకుని చేసేవారు. ఆయన ఆగిన చోట నాకు ఏమీ కనిపించేది కాదు. రంగు పడ్డాక సరిగ్గా అక్కడే అల కనిపించేది.

4. తుప్పు తిన్న అంచుకు అతుకు నిలవదు.

సుద్దగీత పెట్టిన చోటుకు ఇంకాస్త అవతల, గట్టి రేకు తగిలేదాకా కోసెయ్యాలి. అదే మందం రేకు వెయ్యాలి. అసలు రేకు 18 గేజి (దాదాపు 1.2 మిల్లీమీటర్లు) అయితే 20 గేజి వేస్తే పల్చనవుతుంది. టాకాలు ఒకటి ఈ చివర, ఒకటి ఆ చివర, ఒకటి మధ్యన వేసి, చెయ్యి పెట్టగలిగేంత చల్లారనిచ్చి, మిగిలిన చోట్ల వేసుకుంటూ పోవాలి. ఒకే బారున వెల్డింగు లాగితే రేకు మెలితిరుగుతుంది. రంగుకు ముందే బానెట్, మడ్‌గార్డులు, గ్రిల్లు అన్నీ ఒకసారి బండి మీద బిగించి చూసుకో. రంగు వేశాక రంధ్రం కలవలేదని డ్రిల్లు పట్టుకోవడం అంత బాధ ఇంకోటి లేదు.

5. లప్పం ఎంత పల్చనైతే పని అంత గట్టిది.

నేను ఎక్కువమందికి తప్పు నేర్పింది ఇక్కడే. ఆ రోజుల్లో మా షెడ్లలో లప్పం మీద నీళ్ళు పోస్తూ ఎమరీ కాగితం పట్టేవాళ్ళం. దుమ్ము లేవదు, కాగితం త్వరగా పూడదు, పని నున్నగా వస్తుంది. కానీ హార్డెనర్ కలిపి వేసే పాలియెస్టర్ లప్పంలో టాల్క్ పొడి ఉంటుంది. అది నీటిని పీల్చుకుంటుంది. పైన ప్రైమరు, రంగు వేస్తే ఆ తడికి బయటికి దారి ఉండదు. బండి మెరుస్తూ షెడ్డు దాటుతుంది. కొన్నాళ్ళకు బానెట్ మీద ఆవగింజంత పొక్కులు లేస్తాయి. గోటితో గిల్లితే కింద తుప్పు వలయం. రైతు తిరిగి తెచ్చినప్పుడల్లా రంగు నాసిరకం అనేవాణ్ణి. రంగులో ఏ లోపమూ లేదు. నా దగ్గర నేర్చుకుని ఊరూరా షెడ్లు పెట్టుకున్నవాళ్ళు ఆ నీళ్ళ పద్ధతినే తీసుకుపోయారు. వాళ్ళందరినీ పిలిచి చెప్పడం ఇక నావల్ల కాదు.

లప్పాన్ని పొడిగానే, చెక్క దిమ్మకు కాగితం చుట్టి రుద్దు. నీళ్ళ అవసరం వస్తే హార్డెనర్ కలిపిన ప్రైమరు పడి ఆరిన తర్వాతే. మంటతో పూడ్చగలిగిన గుంటను, సుత్తితో లేపగలిగిన సొట్టను లప్పానికి వదలొద్దు.

ఒట్టి రేకును రాత్రంతా అలా ఉంచొద్దు. మన కోస్తా గాలి చాలు, తెల్లారేసరికి దాన్ని ఎర్రబరుస్తుంది. సాయంత్రం రేకు మీద చెమట చెయ్యి ఆనిస్తే పొద్దున వేళ్ళ గుర్తులు తుప్పుతో అచ్చు పడి ఉంటాయి. శుభ్రం చేసిన రోజే తుడిచి ప్రైమరు కొట్టెయ్యాలి.

6. పాత రేకును పాత ఇనుము కింద తూచొద్దు.

బజారులో కొత్త బానెట్లు, మడ్‌గార్డులు దొరకడం మొదలయ్యాక నేను రిపేరు మానేసి మార్పిడికి దిగాను. రైతుకు తొందర, నాకు సుఖం. కొత్తవి పల్చన. రంధ్రాలు అటూ ఇటూ. అంచు మడత దగ్గర అసలు రేకుకున్న గట్టిదనం లేదు. పాతవాటిని కిలోల లెక్కన తుక్కు కొట్టుకు పంపాను. ఇవాళ అవే కావాలని పిల్లలు జిల్లాలు తిరుగుతున్నారు. సగం తుప్పు తిన్న బానెట్ కూడా పనికొస్తుంది. మంచి సగం ఇంకో బానెట్‌కు అతుకవుతుంది, మిగతాది వంపులకు కొలత అవుతుంది.

7. దసరాకు ఇస్తానని మాట ఇవ్వొద్దు.

ఆయుధపూజకు బండి మెరవాలని రైతు అడుగుతాడు. అడగడం న్యాయమే. కానీ ఆ రోజులు వానలు వెనక్కి మళ్ళే రోజులు, గాలి నిండా తేమ. ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) రంగులో థిన్నరు చురుగ్గా ఎగిరిపోతూ రేకును చల్లబరుస్తుంది. గాలిలోని తేమ ఆ చల్లని పూత మీద దిగి, ఎర్రని బానెట్‌కు తెల్లని మసక పడుతుంది. మబ్బు రోజున గన్ను పక్కన పెట్టడమే మేలు.

పాత రంగు మీద ఏం వేయాలో తేల్చుకోవడానికి ఎన్‌సీ థిన్నరులో ముంచిన గుడ్డ మూలన కాసేపు ఆనించు. రంగు కరిగి గుడ్డకు అంటితే అది ఎన్‌సీ. ముడతలు పడి లేస్తే సింథటిక్ ఎనామిల్. దాని మీద ఎన్‌సీ గానీ పీయూ (పాలియురేథేన్) గానీ నేరుగా కొడితే పూత మొత్తం అలాగే లేస్తుంది. ఏమీ కాకపోతే హార్డెనర్ రంగో, ఫ్యాక్టరీలో కాల్చిన రంగో.

అసలు రంగు ఎండకు వెలసిన బానెట్ మీద దొరకదు. బ్యాడ్జి కింద, డ్యాష్‌బోర్డు వెనక వెతుకు. మాస్సీ ఎరుపు వేరు, ఇంటర్నేషనల్ ఎరుపు వేరు. పట్టపగలు పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. 1946లో వచ్చిన ఫెర్గూసన్ టీఈ-20 నఖశిఖపర్యంతం బూడిద రంగే. దాన్ని ఎర్రగా మారిస్తే చూడ్డానికి బాగుంటుందేమో గానీ అది ఆ బండి మాత్రం కాదు.

8. ముక్కుకు గుడ్డ కడితే చాలదు.

పాత రంగుల్లో సీసం ఉంటుంది. పొడిగా రాకితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకే పోతుంది. పీయూ హార్డెనర్‌లో ఐసోసయనేట్ ఉంటుంది. అది ఒకసారి ఒంటికి పడకుండా పోతే, ఆ తర్వాత కొద్దిపాటి తుంపరకే ఆయాసం ముంచుకొస్తుంది. గుడ్డ దాన్ని ఆపదు, బజారు మాస్కూ ఆపదు. బయటి మంచి గాలిని గొట్టంతో అందించే మాస్కు కావాలి. నా దగ్గర పనిచేసిన కుర్రాళ్ళకు నేను తువ్వాలు ముక్కలే ఇచ్చాను. వాళ్ళలో ఒకతను ఇవాళ మెట్లు ఎక్కలేడు. తెలియదు అన్న మాట కొన్నాళ్ళ వరకే నిజం. తర్వాత తెలిసీ ఖర్చుకు వెనకాడాను.

డీజిల్ ట్యాంకు ఖాళీ అయిందని దాని మీద మంట పెట్టొద్దు. నిండు ట్యాంకు కంటే ఆవిరి నిండిన ఖాళీ ట్యాంకే పేలుతుంది. ట్యాంకు అతుకు పని తెలిసిన చోటుకు పంపు.

9. అక్షరాలను అరగదీసేముందు అడుగు.

ఒక బి-275 మడ్‌గార్డు మీద కుంచెతో రాసిన పేరూ, ఊరూ ఉన్నాయి. 'న' తోక పొడుగ్గా లాగి, కింద చిన్న పువ్వు వేశాడు రాసినాయన. నేను మామూలుగానే రిమూవరు పూసి, రేకు తేలేదాకా గీకేశాను. బండి కోసం కొడుకుతో వచ్చిన పెద్దావిడ కొత్త రంగు వంక చూడలేదు. నేరుగా మడ్‌గార్డు దగ్గరికి వెళ్ళి, “మీ అన్నయ్యగారు దగ్గరుండి రాయించుకున్న పేరండీ అది” అంది. మంచి ఆర్టిస్టును పిలిపించి మళ్ళీ రాయించాను. ఆమె బాగుందనే అంది.

ఇప్పుడు షెడ్డుకు ఏ పాత బండి వచ్చినా ముందు రాతల గురించి అడిగిస్తాను. ఉంచమంటే ఆ మేర టేపు కట్టి, మెత్తని సబ్బునీళ్ళతో మాత్రమే తుడిచి, మూలన పరీక్షించుకున్నాక పైన సింథటిక్ వార్నీషు పల్చగా వేయిస్తాను. కింద తుప్పు ఉండి తీయక తప్పకపోతే, ట్రేసింగ్ కాగితం పరిచి అక్షరం అక్షరం గీయించి, పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయించి, ఆ రంగుల పేర్లు కాగితం మీదే రాయిస్తాను. ఆ కాగితాన్ని చుట్టి బండి యజమానికే ఇస్తాము, షెడ్డులో ఉంచుకోము.