పెంపుడు బెట్టా చేపకు జబ్బు చేసినప్పుడు: మందు కంటె ముందు నీరు

అలంకరణ చేపల దుకాణాల్లో ‘ఫైటర్’ పేరుతో అమ్మే చేప శాస్త్రీయ నామం బెట్టా స్ప్లెండెన్స్. థాయ్‌లాండ్‌లోని వరిమళ్ళు, నెమ్మదిగా పారే కాలువలు, నాచు పట్టిన గుంటలు దీని సహజ నివాసాలు. 2019లో ఆ దేశం దీనిని జాతీయ జలచరంగా ప్రకటించింది. మొప్పలతోపాటు లాబిరింత్ అనే అదనపు శ్వాసావయవం ఉండుట వలన ఇది నీటి ఉపరితలానికి వచ్చి గాలిని నేరుగా పీల్చుకొంటుంది. ఈ గుణమే ఇళ్ళలో దాని పాలిట శాపమైనది. ఎంత చిన్న గాజుపాత్రలోనైనా బతుకుతుందన్న అపోహ దీని నుండే పుట్టింది. ప్రాణవాయువు కొరతను ఈ చేప తట్టుకొంటుంది గాని, తాను విసర్జించిన అమ్మోనియాను తట్టుకొనలేదు.

ఇళ్ళలో తరచుగా జరిగేది ఇది. చేప మేత ముట్టదు, రెక్కలు ముడుచుకొని అడుగున పడి ఉంటుంది. ఆ సాయంత్రమే పాత నీరు సగం పారబోసి కొళాయి నీరో, బోరు నీరో నింపుతారు. గుప్పెడు ఉప్పు వేస్తారు. మరునాడు నీలం మందు చుక్కలు, ఆ పైన మందుల దుకాణంలో కొన్న యాంటీబయోటిక్ గొట్టం విప్పి పొడి చల్లుతారు. మూడో నాటికి చేప చనిపోతుంది. జబ్బు వలన పోయిందా, చికిత్స వలన పోయిందా అన్నది అప్పుడు తేల్చడం ఎవరికీ సాధ్యం కాదు. సలహా అడిగినప్పుడు విస్తరణ శాస్త్రవేత్త మందు పేరు చెప్పే ముందు నీటి గురించి అడుగవలసిన అవసరం ఇక్కడే ఉన్నది.

నేలలో నత్రీకరణ చదివిన విద్యార్థికి ఈ విషయం కొత్తది కాదు. అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే సూక్ష్మజీవులు తొట్టెలోని గులకరాళ్ళ మీద, ఫిల్టరు స్పాంజి మీద స్థిరపడతాయి. ఫిల్టరు లేని రెండు లీటర్ల పాత్రలో వాటికి చోటు తక్కువ. అమ్మోనియా నీటిలో రెండు రూపాల్లో ఉంటుంది. అయాను రూపమైన అమ్మోనియం హాని తక్కువ చేస్తుంది. అయానీకరణ చెందని అమ్మోనియా లీటరుకు 0.05 మిల్లీగ్రాములు దాటితే మొప్పలు దెబ్బతినడం మొదలవుతుంది. ఏ రూపం ఎంత ఉంటుందన్నది ఉదజని సూచిక, ఉష్ణోగ్రత నిర్ణయిస్తాయి. 28 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉదజని సూచిక 7 అయితే మొత్తం అమ్మోనియాలో విషరూపం సుమారు 0.7 శాతం, 8 అయితే సుమారు 6.5 శాతం.

పైన చెప్పిన సాయంత్రపు నీటి మార్పిడిని ఈ లెక్కతో చూడవలెను. చాలాకాలం పట్టించుకోని పాత్రలో నీరు ఆమ్లగుణానికి దిగుతుంది. ఉదజని సూచిక 6, మొత్తం అమ్మోనియా లీటరుకు 4 మిల్లీగ్రాములు అనుకొంటే విషరూపం 0.003 మిల్లీగ్రాములకు మించదు. చేప నీరసంగా ఉన్నా బతికే ఉంటుంది. అందులో సగం తీసి, బైకార్బొనేట్లు అధికంగా ఉన్న బోరు నీరు పోస్తే మొత్తం అమ్మోనియా 2 మిల్లీగ్రాములకు తగ్గుతుంది. కాని ఉదజని సూచిక 7.8కు ఎగబాకితే విషరూపం సుమారు 0.085కు చేరుతుంది. అమ్మోనియా సగమైనది, విషం దాదాపు ముప్పై రెట్లయినది. ‘నీరు మార్చిన వెంటనే చనిపోయింది’ అన్న మాటకు చాలా సందర్భాల్లో కారణం ఇదే.

కనుక ముందు పరీక్ష పెట్టెతో అమ్మోనియా, నైట్రైట్, ఉదజని సూచిక చూడవలెను. ఉదజని సూచిక బాగా తగ్గి ఉంటే, మార్చే నీటిని పాత నీటికి దగ్గరగా తీసుకురావలెను. ఇందుకు బోరు నీటిలో ఆర్.ఓ. నీరు కలుపుకొనవచ్చును, లవణాలు లేని ఆర్.ఓ. నీరు ఒక్కటే వాడరాదు. అమ్మోనియాను బంధించే కండిషనర్ దొరికితే ముందుగా దానిని కలపడం క్షేమం. మునిసిపల్ నీటిలోని క్లోరిన్‌ను సోడియం థయోసల్ఫేట్ వెంటనే తొలగిస్తుంది. వెడల్పు పాత్రలో ఒక రోజు నిలువ ఉంచినా చాలావరకు పోతుంది. క్లోరమిన్ మాత్రం నిలువ ఉంచినంత మాత్రాన పోదు. ఉష్ణోగ్రత 25–28 డిగ్రీల మధ్య ఉండవలెను. ఆదిలాబాద్ వంటి చోట్ల డిసెంబరు రాత్రుల్లో చిన్న హీటరు లేకపోతే చేప మందగిస్తుంది. అది జబ్బు కాదు, చలి. ఉపరితలంపై మగచేప కట్టే నురుగు గూడు కూడా వ్యాధి లక్షణం కాదు.

నీరు సరిచేసిన తరువాత లక్షణాలు మిగిలితే అప్పుడు వ్యాధి వైపు చూడవలెను. ఉప్పు రేణువుల వంటి తెల్లని చుక్కలు ఇక్తియోఫ్తిరియస్ అనే ఏకకణ పరాన్నజీవివి. చర్మపు జిగురును సూక్ష్మదర్శినిలో చూస్తే గుర్రపునాడా ఆకారపు కేంద్రకం గల కణాలు కనిపిస్తాయి. చేప చర్మంలో దాగి ఉన్న దశపై మందు పనిచేయదు. నీటిలో ఈదే దశపైనే పనిచేస్తుంది. అందువలన చుక్కలు మాయమైన తరువాత కూడా కనీసం వారం రోజులు చికిత్స ఆపరాదు. ఉష్ణోగ్రతను క్రమంగా 30 డిగ్రీలకు పెంచితే జీవితచక్రం త్వరగా సాగి మందు అందుతుంది. అయితే నోటి చుట్టూ, వీపు మీద దూది వంటి పొర ఉంటే తొందరపడరాదు. అది శిలీంధ్రం కావచ్చు, ఫ్లావోబాక్టీరియం కాలమ్నారే అనే బాక్టీరియా కూడా కావచ్చు. రెండవది వేడికి మరింత విజృంభిస్తుంది. టార్చి వెలుగులో బంగారు పొడి చల్లినట్లు కనిపిస్తే అది వెల్వెట్ వ్యాధి. దాని కారకానికి కిరణజన్య సంయోగక్రియ శక్తి ఉన్నందున తొట్టెను చీకటిగా ఉంచడం మేలు.

ఉప్పు పాతకాలపు మందే అయినా నమ్మదగినది. రాళ్ళ ఉప్పును లీటరుకు 1 నుండి 3 గ్రాముల చొప్పున వేరుగా కరిగించి, ఒక రోజులో రెండు మూడు విడతలుగా కలుపవలెను. ఆవిరైన నీటికి బదులు మామూలు నీరే పోయవలెను. ఉప్పు ఆవిరి కాదన్న సంగతి మరచి ప్రతిసారీ కలిపేవారే ఎక్కువ. మలబద్ధకంతో పొట్ట ఉబ్బి చేప ఒక పక్కకు ఒరిగితే ఒకటి రెండు రోజులు మేత ఆపితే చాలును. ఉడికించిన బఠాణీ పెట్టమనే సలహా ప్రచారంలో ఉన్నది గాని, పురుగులు తినే చేపకు నీటి ఈగలే సరైన ఆహారం.

మనుషుల యాంటీబయోటిక్ గొట్టాలను నీటిలో చల్లడాన్ని ప్రోత్సహించరాదు. టెట్రాసైక్లిన్ కఠిన జలంలోని కాల్షియం, మెగ్నీషియంలతో బంధమై చాలావరకు నిర్వీర్యమవుతుంది. చేపకు మేలు జరగదు, నిరోధకత గల బాక్టీరియా మాత్రం మిగులుతాయి. అనుమానం ఉన్నప్పుడు నమూనాను ముత్తుకూరు మత్స్య విజ్ఞాన కళాశాల వంటి సంస్థల నిపుణులకు చూపవలెను. పాఠశాలల ఆవరణల్లో కనిపించే బాదం చెట్టు ఎండుటాకును నీటిలో వేసే అలవాటు ఉన్నది. అందులోని టానిన్లు నీటిని కొద్దిగా ఆమ్లీకరిస్తాయి. మందు చల్లని చెట్టు ఆకైతే వాడవచ్చును గాని, దానిని వ్యాధికి చికిత్సగా భావించరాదు.

పొలుసులు దేవదారు కాయ వలె లేచి నిలబడితే అది జలోదరం. ఆ దశలో మూత్రపిండాలు అప్పటికే దెబ్బతిని ఉంటాయి, కోలుకోవడం అరుదు. యజమానికి ఈ మాట దాచకుండా చెప్పవలెను. బాధ తప్పించదలిస్తే నిపుణుల సలహాతో లవంగ నూనె ద్వారా మత్తునివ్వడం ఉన్నది; ఫ్రిజ్‌లో పెట్టడం, మురుగులో వదలడం తగదు. చేపల క్షయకు కారణమయ్యే మైకోబాక్టీరియం మారినం చేతి గాయాల గుండా మనిషికీ సోకి మానని పుండ్లు కలిగిస్తుంది. కనుక గాయాలున్నవారు చేతి తొడుగులు లేకుండా ఆ నీటిలో చేయి పెట్టరాదు. చనిపోయిన చేపను పాతిపెట్టి, నీటిని కాలువలకు, చెరువులకు చేరకుండా పారబోసి, పాత్రను బ్లీచింగ్ ద్రావణంతో కడిగి, పూర్తిగా ఎండిన తరువాతనే తిరిగి వాడవలెను.