చిన్న ఫ్యూజు - పెద్ద కాపలా

ఉదయగిరి దగ్గర ఒక పల్లె. ఆ పల్లెలో పెంచలయ్యకు ఒక పాత కారు ఉంది. దాన్ని బాడుగకు తిప్పుతాడు. అతని భార్య రమణమ్మ. రమణమ్మ చిన్నప్పుడు బడికి పోలేదు. పెద్దయ్యాక రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంది. అంకెలు నేర్చుకుంది. ఇప్పుడు బస్సు బోర్డు చదువుతుంది. రేషను కార్డు చదువుతుంది.

ఒక రాత్రి పక్కింటి కోడలికి నొప్పులు వచ్చాయి. పెంచలయ్య కారు తీశాడు. తోడుగా రమణమ్మ కూడా ఎక్కింది. కారు నెల్లూరు దారి పట్టింది.

సగం దారిలో పెంచలయ్య ఫోనులో చార్జింగు అయిపోవచ్చింది. కారులో ఫోను చార్జింగు పెట్టే సాకెట్ ఉంది. ఫోను అందులో పెట్టాడు. చార్జింగు ఎక్కలేదు. తీసి మళ్ళీ పెట్టాడు. ఎక్కలేదు. కాసేపటికి ఫోను ఆగిపోయింది.

ఆ పిల్ల అన్న నెల్లూరులోనే ఉన్నాడు. అవసరమైతే రక్తం ఇస్తానన్నాడు. ఏ ఆసుపత్రికి రావాలో అతనికి చెప్పాలి. ఎట్లా చెప్పేది? అందరి గుండెల్లో దడ. ఆసుపత్రికి చేరాక ఎవరినో అడిగి ఫోను చేశారు. కాన్పు బాగానే అయింది. తల్లీ బిడ్డా క్షేమం. కానీ ఆ అరగంట రమణమ్మ మరిచిపోలేదు.

ఎందుకు పోయింది?

తెల్లవారి రమణమ్మ కారు కడుగుతోంది. మరిది శీనయ్య వచ్చాడు.

"వదినా, సాకెట్ ఫీజు పోయుంటుంది. ఇదుగో రాగి తీగ. ఒక్క పోగు కట్టేస్తే అయిపోతుంది" అన్నాడు.

రమణమ్మ చేతిలో గుడ్డ పక్కన పెట్టింది.

"శీనయ్యా, కుక్కర్ మూత మీద సేఫ్టీ వాల్వు చూశావా?"

"చూశా."

"విజిల్ దారి మూసుకుపోతే ఆవిరి ఎక్కువవుతుంది. అప్పుడు ఆ వాల్వులో ఉండే మెత్తని లోహం కరుగుతుంది. ఆవిరి బయటికి పోతుంది. వాల్వు పోతుంది, కుక్కర్ దక్కుతుంది. మనం కొత్త వాల్వు కొంటాం. అంతేగాని ఆ బొక్కలో మేకు బిగిస్తామా?"

"బిగిస్తే కుక్కర్ పేలిపోదూ!" అన్నాడు శీనయ్య.

"మరి ఫీజు కూడా అంతే కదా!" అంది రమణమ్మ.

శీనయ్య మాట్లాడలేదు. తీగ జేబులో పెట్టుకున్నాడు.

రమణమ్మ చెప్పింది నిజం. ఫ్యూజులో సన్నని లోహపు పట్టీ ఉంటుంది. కరెంటు దాని గుండానే సాకెట్‌కు పోతుంది. కరెంటు మితి మీరితే పట్టీ వేడెక్కి కరిగి తెగుతుంది. కరెంటు ఆగిపోతుంది. లోపలి తీగలు కాలకుండా మిగులుతాయి. ఫ్యూజు కాపలా మనిషి లాంటిది. తాను పోయి బండిని కాపాడుతుంది. దాని చోట రాగి తీగ కడితే కాపలా లేనట్టే. అప్పుడు ఫ్యూజు తెగదు. తీగలు కాలతాయి. బండే అంటుకోవచ్చు.

అంకె దొరికింది

పెంచలయ్య నిద్ర లేచి వచ్చాడు. "ఏందీ, ఇద్దరూ కారు మీద పడ్డారు?" అన్నాడు.

"ముందు తాళం చెవి తియ్యయ్యా" అంది రమణమ్మ. పెంచలయ్య కారు ఆపి ఉందని చూసి తాళం చెవి తీశాడు.

స్టీరింగు కింద, మోకాలికి దగ్గరగా ఒక చిన్న పెట్టె ఉంది. అదే ఫ్యూజుల పెట్టె. కొన్ని కార్లలో ఇంజను దగ్గర ఇంకొక పెట్టె కూడా ఉంటుంది. రమణమ్మ మూత తీసింది. లోపల రంగురంగుల ఫ్యూజులు వరసగా ఉన్నాయి. మూత వెనక గళ్ళు గీసి ఉన్నాయి. గళ్ళలో ఇంగ్లీషు అక్షరాలు, బొమ్మలు, అంకెలు ఉన్నాయి.

"ఇంగ్లీషు నాకు రాదే" అంది రమణమ్మ. అంతలో ఒక గడిలో చిన్న బొమ్మ కనిపించింది. పొగ వస్తున్న సిగరెట్టు బొమ్మ. దాని పక్కన 15 అని ఉంది.

కూతురు సుజాత పదో తరగతి. ఆమె వచ్చి చూసింది. "ఇదేనమ్మా. ఈ సాకెట్‌ను మొదట్లో సిగరెట్టు ముట్టించుకోడానికి పెట్టారు. అందుకే ఈ బొమ్మ. ఇప్పుడు ఫోన్లు పెట్టుకుంటున్నాం" అంది.

కొన్ని కార్లలో బొమ్మ ఉండదు, అక్షరాలే ఉంటాయి. అప్పుడు కారుతో ఇచ్చిన పుస్తకం చూడాలి. చదివేవాళ్ళను పక్కన పెట్టుకోవాలి. అక్షరాలు ఏ భాషవైనా అంకెలు మాత్రం అవే.

పెట్టెలో చిన్న ప్లాస్టిక్ పట్టకారు ఉంది. రమణమ్మ దానితో 15 అంకె ఉన్న నీలం రంగు ఫ్యూజును నిటారుగా పైకి లాగింది. వెలుతురులో పట్టుకుని చూసింది. లోపలి పట్టీ మధ్యలో తెగి ఉంది. తెగిన చోట నల్లగా మాడి ఉంది.

"దొరికాడు దొంగ!" అన్నాడు శీనయ్య.

"ఇది దొంగ కాదు, కాపలావాడు. దొంగ ఎక్కడున్నాడో వెతకాలి" అంది రమణమ్మ.

ఆమె సాకెట్‌లోకి టార్చి వేసి చూసింది. అడుగున ఏదో మెరిసింది. రూపాయి బిళ్ళ! ఎప్పుడో చిల్లర తీసేటప్పుడు జారి పడింది. సాకెట్ నడిమి భాగానికి కరెంటు వస్తుంది. చుట్టూ ఉన్న గోడ నుంచి తిరిగి పోతుంది. బిళ్ళ ఆ రెంటినీ కలిపేసింది. కరెంటు ఒక్కసారిగా ఎక్కువైంది. ఫ్యూజు తెగింది.

ఫ్యూజు తీసేశారు కాబట్టి సాకెట్‌కు కరెంటు రాదు. అయినా రమణమ్మ లోపల ఇనుప వస్తువు పెట్టలేదు. పుల్ల కొసకు జిగురు టేపు తిప్పి చుట్టింది. జిగురు పైకి ఉంది. దానికి అంటించి బిళ్ళను బయటికి తీసింది.

పెంచలయ్య ఆ బిళ్ళ వంక చూశాడు. తమ్ముడి జేబులో తీగ వంక చూశాడు. "బిళ్ళ లోపలే ఉండగా తీగ కట్టి ఉంటే నా బండి ఏమయ్యేది?" అన్నాడు.

15 అంటే 15

పెట్టెలో వాడని ఫ్యూజులు రెండు ఉన్నాయి. ఒకటి పసుపు పచ్చది, 20. ఇంకొకటి ఆకుపచ్చది, 30.

"20 పెట్టేద్దాం. ఐదే కదా ఎక్కువ" అన్నాడు పెంచలయ్య.

"వద్దయ్యా. లోపలి తీగ సైజును బట్టి 15 పెట్టారు. కాపలావాడు ఆలస్యంగా మేలుకుంటే తీగ కాలుతుంది" అంది రమణమ్మ.

శీనయ్య సైకిలెక్కాడు. పోయిన ఫ్యూజునే చేత పట్టుకుని స్పేర్ పార్ట్స్ షాపుకు పోయాడు. ఫ్యూజుల్లో పెద్దవి, చిన్నవి ఉంటాయి. పాతది చూపిస్తే అదే సైజు, అదే అంకె ఇస్తారు. ఖరీదు కొద్ది రూపాయలే. శీనయ్య రెండు తెచ్చాడు. ఒకటి పెట్టడానికి, ఒకటి దాచడానికి.

రమణమ్మ కొత్త ఫ్యూజును అదే గడిలో గట్టిగా నొక్కింది. మూత పెట్టింది. పెంచలయ్య తాళం తిప్పాడు. సుజాత ఫోను పెట్టింది. చార్జింగు గుర్తు వెలిగింది.

"ఇకమీదట బండి ఎత్తే ముందు ఫోను చార్జింగు నేనే చూస్తా" అంది రమణమ్మ. పెంచలయ్య నవ్వి, మిగిలిన ఫ్యూజును ఆమె చేతికే ఇచ్చాడు.

ఫ్యూజు మీద అంకె - రంగు

5 - లేత గోధుమ రంగు
10 - ఎరుపు
15 - నీలం
20 - పసుపు
25 - తెలుపు
30 - ఆకుపచ్చ

ఈ అంకెలు ఆంపియర్లు. కరెంటును ఆంపియర్లలో కొలుస్తారు. రంగు చూసి వెతకండి. అంకె చదివి నిర్ధారణ చేసుకోండి.

గుర్తుంచుకోండి

1. ముందు కారు ఆపి తాళం చెవి తీయాలి.
2. ఫ్యూజు ఎందుకు పోయిందో చూడాలి. కారణం పోకపోతే కొత్తది కూడా పోతుంది.
3. పోయిన అంకెదే పెట్టాలి. ఎక్కువ అంకెది పెట్టకూడదు.
4. తీగ, సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం ఎప్పుడూ పెట్టకూడదు.
5. కొత్త ఫ్యూజు కూడా వెంటనే పోతే మళ్ళీ మళ్ళీ మార్చకండి. మెకానిక్‌కు చూపించండి.
6. కారులో పసుపు రంగు తొడుగు ఉన్న తీగలు ముట్టుకోకండి. అవి సాధారణంగా ఎయిర్ బ్యాగువి. బ్యాటరీతో నడిచే కార్లలో నారింజ రంగు లావు తీగలు ఉంటాయి. వాటి జోలికి అసలే పోవద్దు.
7. కారు బ్యాటరీ 12 వోల్టులు. ఇంటి కరెంటు 230 వోల్టులు. అది ప్రాణం తీస్తుంది. కారు ఫ్యూజు మార్చడం వచ్చింది కదా అని ఇంటి ఫ్యూజు ముట్టుకోకండి. పని తెలిసినవాళ్ళను పిలవండి.

లెక్క చేయండి

వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయి.
12 × 15 = 180 వాట్లు.
రమణమ్మ వాళ్ళ సాకెట్ మీద 180 వాట్లకు మించి బరువు పెట్టకూడదు.

టైరుకు గాలి కొట్టే పంపు 120 వాట్లు. దాన్ని పెట్టవచ్చా?
దానితో పాటు అదే సాకెట్‌కు 100 వాట్ల వస్తువు ఇంకొకటి తగిలిస్తే మొత్తం ఎంత? అప్పుడు ఫ్యూజు ఏమవుతుంది?

మాట్లాడుకోండి

1. రమణమ్మ ఫ్యూజును కాపలావాడు అని ఎందుకు అంది?
2. సాకెట్‌లో బిళ్ళ ఉండగా రాగి తీగ కడితే ఏమి జరిగేది?
3. ఇంగ్లీషు రాకపోయినా రమణమ్మ సరైన ఫ్యూజును ఎలా కనుక్కుంది?
4. మీ ఇంట్లో ఏ వస్తువుల మీద అంకెలు ఉన్నాయి? రేపు చూసి రాసుకుని రండి. ఆ అంకెలు ఏమి చెబుతున్నాయో అందరూ కలిసి చదవండి.