ప్లాన్–డూ–రివ్యూ: టెట్, డీఎస్సీ అభ్యర్థులకు

పసిపిల్లలకు సొంతంగా నిర్ణయం తీసుకోవడం, చేసిన పనిని తిరిగి ఆలోచించుకోవడం అలవాటు చేసే పద్ధతి ‘ప్లాన్–డూ–రివ్యూ’. అమెరికాలోని మిచిగన్ రాష్ట్రం, ఇప్సిలాంటిలో డేవిడ్ వైకార్ట్ బృందం రూపొందించిన హైస్కోప్ విధానానికి ఇదే గుండెకాయ. సైద్ధాంతిక మూలం పియాజే.

ఆటకు ముందు టీచర్ ‘ఈరోజు ఏం చేస్తావు?’ అని అడుగుతారు. మూడేళ్ల పాప నోరు విప్పకుండా చెక్క దిమ్మెల వైపు వేలు చూపినా అది ప్రణాళికే. నాలుగేళ్లవాడైతే ‘వంతెన కడతా, కింద నుంచి కార్లు పోవాలి’ అంటాడు. ఆట ముగిశాక కూర్చోబెట్టి, వంతెన ఎందుకు కూలింది, అప్పుడేం చేశావు అని అడుగుతారు. అసలు చదువు ఈ ప్రశ్నల్లోనే ఉంది. పీరియడ్ అయిపోతోందని మనం ముందుగా వదిలేసేదీ దీన్నే.

వైకార్ట్ చేపట్టిన పెర్రీ ప్రీస్కూల్ అధ్యయనం 1962లో మొదలైంది. పాల్గొన్న పిల్లలు 123 మంది. హైస్కోప్ ఫౌండేషన్ స్థాపన 1970. పెర్రీ కార్యక్రమం వల్ల సమాజానికి ఒనగూరిన లాభాన్ని లెక్కగట్టినవారిలో 2000లో ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకున్న జేమ్స్ హెక్‌మన్ ఒకరు. ఈ వయసు పిల్లలు మన జాతీయ విద్యావిధానం–2020లో 3–8 ఏళ్ల పునాది దశ కిందికి వస్తారు.

ప్రశ్నలో ‘ప్లాన్–డూ–రివ్యూ’ కనిపిస్తే మాంటిస్సోరి అని గుర్తు పెట్టకండి. జవాబు హైస్కోప్.