గంగవాయిలి కూర

దిల్‌సుఖ్‌నగరు మొదలు ఎల్.బి. నగరు వఱకు గల అంగళ్లలో వానలు పడినంతనే గంగవాయిలి కూర కట్టలు అమ్మకమునకు వచ్చును. పట్టణపు గృహిణి సొమ్మిచ్చి కొనిపోవు ఈ యాకునే మన సంఘసభ్యులు కూలి యిచ్చి పెఱికించి గట్టున పాఱవేయుచున్నారు.

దీనినే గంగపాయల కూర యనియు, పావిలి కూర యనియు అందురు. ఎఱ్ఱని కాడ, దళసరి యాకు, పసుపుపచ్చని చిన్న పువ్వు. ఎండ యెక్కిన పిమ్మట పువ్వు విచ్చి, కొలది గంటలలోనే ముడుచుకొనును. ఆకులలోను కాడలలోను నీరు నిలువ యుండుటచే రాతినేలను సైతము బ్రతుకును. తేమ యున్నప్పుడు జొన్నవలె త్వరగా పెరుగును. తేమ లేనప్పుడు నాగజెముడువలె రాత్రివేళ బొగ్గుపులుసు వాయువును గ్రహించి దాచుకొనును. ఈ రెండు పద్ధతులును ఒకే కణములలో కలిసి జరుగునని 2022లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు ప్రకటించిరి.

ఈ గట్టిదనమే సేద్యగానికి చిక్కు. మేము ఒకప్పుడు వంగతోటలో దీనిని పెఱికించి గట్టున కుప్ప వేయించితిమి. మఱునాడే ముసురు పట్టెను. వారము తిరుగకుండ కుప్ప వేళ్లూని పూచెను! పెఱికిన మొక్క తనలోని తేమతోనే కాయలు ముదిర్చి గింజ రాల్చును. ఆ గింజ నేలలో ఏండ్ల తరబడి చెడదు. కావున పూతకు ముందు, లేతగా నున్నప్పుడే తీయవలెను. కూరకును అదియే అదను. ఉదయమున కోసి, తడిగుడ్డ కప్పి, ఆ పూటకే అంగడికి చేర్చవలెను.

కాడ త్రుంచినప్పుడు పాలు కారినచో అది గంగవాయిలి కాదు. రెడ్డివారి నానుబాలు మొదలగు వేఱు జాతి. కట్టలో చేరనీయరాదు. కలుపుమందు చల్లిన చేనిలోనిది, మురుగునీరు పాఱు మడిలోనిది అసలే కోయరాదు. ఈ మొక్క నేలలోని విషలోహములను పీల్చుకొనును. మూసీ చెంత సేద్యము చేయువారు దీనిని మఱువరాదు. మనము అమ్మునది పసిబిడ్డల పళ్లెములోనికే గదా!

పప్పుతోను మామిడికాయతోను వండుట మన వాడుక. అవిసెగింజలలోని మేలి క్రొవ్వు ఈ యాకునందును కొంత కలదు. అయితే పాలకూరయందువలె ఆక్సాలికామ్లము మెండు. మూత్రపిండములలో రాళ్లున్నవారు మానుట మంచిది. ఉడికించి నీరు వార్చినను, పెరుగుతో కలిపి తిన్నను దాని దోషము తగ్గును. లడఖు ప్రజలు మంచుకొండలపై మొలచు సోలో అను దళసరి యాకు మొక్కను పెరుగుతోనే కలిపి తిందురు.

ఆకలిగొన్న గొఱ్ఱెలను, మేకలను దట్టముగా మొలచిన గంగవాయిలిలోనికి తోలరాదు. ఆ యామ్లమే వాని ప్రాణము తీయగలదు. ముందు ఎండుమేత వేసి, పిమ్మట కొలదిగా మేపవలెను.