ప్రేవు కుఱుచయైనప్పుడు

ప్రశ్న: మాది ధర్మవరము, మా ఇంటాయన పట్టుచీరలు నేయుదురు. రెండు నెలల క్రిందట ఆయనకు ప్రేవు మెలిపడి కుళ్లినదని కోసివేసి, మిగిలిన మూడడుగుల కొనను పొట్టమీదికి తెచ్చి సంచి తగిలించిరి. చెంబెడు నీళ్లు త్రాగినచో చెంబున్నర సంచిలోనికి వచ్చుచున్నది, దాహము తీరదు. నీళ్లు మాన్పింపవలెనా?

సమాధానము: అమ్మా, తగ్గింపవలసినవి ఉత్త నీరు వంటి ఉప్పులేని పానీయములు మాత్రమే. ఇంచుమించు ఇరువది అడుగుల చిన్నప్రేవు ఇట్లు కుఱుచయై, రక్తనాళము ద్వారా నీటినో లవణములనో పోషణమునో అందింపక దేహము నిలువజాలని స్థితినే ప్రేవుల వైఫల్యమందురు. మిగిలిన ఆ పైభాగపు గోడ సందులు వదులైనవి. ఉప్పులేని నీరు దిగగానే రక్తములోని ఉప్పు అందులోనికి ఊరి, తనతో నీటినిగూడ లాగికొనివచ్చును గనుకనే త్రాగినదానికంటె పోవునది అధికమగుచున్నది. ఉప్పును చక్కెరయు తగు పాళ్లలో కలసివచ్చినప్పుడు ప్రేవు కణములు రెంటిని జతగా లోనికి గొనును, వాని వెంట నీరును నడచును. 1971లో బనగాఁవ్ కాందిశీకుల శిబిరమున డాక్టరు దిలీప్ మహలనబీస్ కలరా రోగులను కాపాడినది ఈ సూత్రముతోడనే. కావున ఓ.ఆర్.ఎస్. పెద్ద పొట్లమును పూర్తిగా ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలిపి, దినమెల్ల గుక్కగుక్కగా త్రాగింపుడు. మీ వైద్యుడు కొలత చెప్పి మరికొంత ఉప్పు చేర్పింపవచ్చును. నీరు, టీ, కాఫీ, పండ్లరసము అన్నియు కలిసి దినమునకు అరలీటరు మించరాదు. మూత్రమును ప్రతిదినము కొలువుడు. అది లీటరునకు బాగుగా తగ్గినను, మగ్గముమీద చేయివేయగానే వ్రేళ్లు కొంకర్లు పోయినను (ఇది మెగ్నీషియము క్షీణతకు గుర్తు కావచ్చును) ఆలస్యము చేయక ఆసుపత్రికి తీసికొనిపొండు.

ప్రశ్న: మాది పెనుకొండ. క్షయ వలన ప్రేవు ఇరుకైనదని మా అన్నకు చిన్నప్రేవు కడభాగమున మూడడుగులు తీసి, పెద్దప్రేవునకు కలిపిరి. రాగిసంగటి పెట్టవచ్చునా? మరల బలము వచ్చునా?

సమాధానము: వచ్చును నాయనా, ఓర్పు కావలెను. ప్రేవు లోపలిపొర మఖమలు నూగువంటిది. మిగిలిన భాగమున ఆ నూగు పొడవై, రెండేండ్లవరకు తన పనిని పెంచుకొనుచుండును. దానిని పెంచునది నోటినుండి దిగు ఆహారమే కనుక, కొద్దికొద్దిగా దినమునకు ఆరుమార్లు పెట్టుడు. మెత్తని సంగటిని పెరుగుతో చిన్నముద్దగా మొదలిడి, పడినకొలది పెంచుడు. పాలకూర, వేరుశెనగలు తగ్గించినచో మూత్రపిండములలో రాళ్ల భయము తగ్గును. బి12 విటమిను పీల్చుకొనునది ఆ కడభాగమే. కాలేయములోని నిలువ రెండు మూడేండ్లు లోపమును దాచును గనుక, బాగుగానున్నాడని ఆ విటమిను సూదిమందు మానరాదు. భీమవరమున జన్మించిన డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరులను బలిగొన్న స్ప్రూ అను వ్యాధియు తిన్నది ఒంటబట్టనీయనిదే. తామును దానిబారినపడి కోలుకొనిన ఆ మహనీయుని బృందము 1945లో కృత్రిమముగా నిర్మించిన ఫోలిక్ ఆమ్లము ఆ రోగమునకు ఔషధమైనది. కంచము నిండుట వేరు, దేహము నిండుట వేరని మన తెలుగువాడు ఇంటి దుఃఖముననే నేర్చెను.

ప్రశ్న: మాది హిందూపురము. మా అత్తగారికి బెంగుళూరులో ఛాతీవద్ద గొట్టము అమర్చిరి. రాత్రులు ఇంటిలోనే పోషణద్రవము ఎక్కించుచున్నాము. నిన్న ఎక్కించుచుండగా వణకుతో జ్వరము వచ్చి, మాత్రతో తగ్గినది. చాలునా?

సమాధానము: చాలదు తల్లీ. ఆ వణకు గొట్టము దారిన రక్తములో క్రిములు చేరినవనుటకు గుర్తు. కాదని పరీక్షలో తేలువరకు అట్లే తలపవలెను. ఎక్కించుట నిలిపి, ఆ వైద్యులకు ఫోనుచేసి, బెంగుళూరు దూరమని తెల్లవారువరకు ఆగక, సమీపపు ఆసుపత్రిలో రక్తపరీక్షయు తొలి మందును ఇప్పింపుడు. నోట మెతుకు దిగకున్నను రక్తనాళము ద్వారా మనిషిని పోషింపవచ్చునని 1960ల కడపట ఫిలడెల్ఫియాలో డడ్రిక్ అను వైద్యుడు నిరూపించినది మొదలు, ఎందఱో ఇంటనే బ్రతుకుచున్నారు. ఆ బ్రతుకు గొట్టమును ముట్టుకొను చేతిలోనున్నది. ప్రతిమారు సబ్బుతో మోచేతులవరకు కడుగుకొని, నేర్పిన వరుస ఒక్కటియు తప్పక ముట్టుకొనుడు.