మెట్ల దీపం న్యూట్రలు

అల్లుడికి మావయ్య రాసేది.

మారీసుపేట ఇంట్లో మెట్ల మీద దీపం వేస్తే కింది వాటాకీ పై వాటాకీ ఒకేసారి కరెంటు పోతోందటగా. ఇంటావిడేమో "పాత బోర్డుతో ఇన్నేళ్ళు నడిచిన ఇల్లు, నువ్వొచ్చి కొత్తది బిగించాకే ఈ గోల" అంటోందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. విసిగిపోయి రెండు ఆర్‌సీసీబీలూ పీకేసి వట్టి ఎంసీబీలు పెట్టేద్దామనుకుంటున్నావట. పీకొద్దు. అందులో తప్పేం లేదు. ఉన్న తప్పు గోడలో ఉంది, పై వాటా వేసినప్పటి నుంచీ ఉంది. ఇన్నాళ్ళూ కనిపెట్టే సాధనం లేక బయటపడలేదు, అంతే.

ఆర్‌సీసీబీ చూసేది ఒక్కటే: ఫేజులో వెళ్ళిన కరెంటు న్యూట్రల్లో తిరిగొచ్చిందా లేదా అని. తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరేలోపే తెగుతుంది. ఇప్పుడు మీ మెట్ల దీపం సంగతి చూడు. టూ వే స్విచ్చులకు ఫేజు కింది బోర్డు నుంచి తీసుకుని ఉంటారు. దీపం పైన ఉంది గనక, కింద నుంచి ఇంకో వైరు లాగడానికి బద్ధకించి న్యూట్రలు పై వాటా నుంచి ఇచ్చి ఉంటారు. మన తెనాలిలో అద్దె కోసం పైన వాటా వేసి రెండో మీటరు తెచ్చుకున్న పాత ఇళ్ళలో ఇది మామూలే. దీపం వెయ్యగానే కింది ఆర్‌సీసీబీకి కరెంటు బయటికెళ్ళడమే గానీ తిరిగి రావడం కనపడదు. పైదానికేమో తను పంపని కరెంటు వచ్చిపడుతుంది. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బయినా 40 మిల్లీ ఆంపియర్ల దాకా లాగుతుంది. రెండూ తెగడానికి అది చాలు.

దీన్ని వదిలేస్తే ముందు దెబ్బ తగిలేది నీకే. పై మెయిను ఆపేశాం కదా అని పై వాటాలో న్యూట్రలు జాయింటు విప్పుతావు. కింది మీటరు నుంచి దీపం గుండా వచ్చే కరెంటు అప్పుడు నీ చేతిలోకి వస్తుంది. ఫేజు ముట్టుకోవడానికి భయపడేవాళ్ళు కూడా న్యూట్రలంటే లెక్కచెయ్యరు. టూ పోల్ మెయిను ఆపినా సరే, విప్పబోయే రెండు వైర్లనూ టెస్ట్ ల్యాంపుతో చూసుకున్నాకే చెయ్యి పెట్టు. నియాను టెస్టరొక్కదాన్నీ నమ్మకు. పక్కన ఫేజు వైరు ఉంటే ఊరికే మినుకుమంటుంది, పాడైతే ఫేజు మీద పెట్టినా వెలగదు.

ఇక వెతికే పద్ధతి. మెట్ల దీపానికి న్యూట్రలూ కింది బోర్డు నుంచే లాగి సరిచేశాక కూడా తెగుతుంటే న్యూట్రలు బారు మీదున్న వైర్లన్నీ విప్పి, ఆర్‌సీసీబీ ఎత్తి, ఒక్కో సర్క్యూట్ ఫేజూ న్యూట్రలూ కలిపి చూసుకుంటూ రా. లోడు వెయ్యకముందే తెగితే చాలాసార్లు న్యూట్రలు ఎక్కడో ఎర్తును తాకుతోందని అర్థం. ఏదో ఒక స్విచ్చు వేస్తేనే తెగితే న్యూట్రలు వేరే సర్క్యూట్‌ది అయినా అయ్యుండాలి, ఆ లోడే లీకైనా అవుతుండాలి. తర్వాత ఇన్సులేషన్ కొలిచే 500 వోల్టుల మెగ్గరు పెట్టు. బల్బులు, ఫ్యాన్ రెగ్యులేటర్లు, టీవీ, ఫ్రిజ్ అన్నీ ముందే విడదీయాలి, లేకపోతే వాటి ఖరీదు నీ కూలీలో తెగుతుంది. ఫేజుకీ ఎర్తుకీ, న్యూట్రలుకీ ఎర్తుకీ 1 మెగోమ్ కన్నా తక్కువ చూపించే వైరును గోడలో ఉంచొద్దు.

గీజరు పాయింటు ప్రత్యేకంగా చూడు. గోడలో న్యూట్రలు తెగిపోతే కొత్తది లాగకుండా ఎర్తు వైరునే న్యూట్రలుగా వాడేసే ఘనులున్నారు. గీజరు వేడెక్కుతుంది, ఇంటాయన సంతోషిస్తాడు. ఆ ఎర్తు మీదున్న ఫ్రిజ్ తలుపు, వాషింగ్ మిషను, మోటారు బాడీ అన్నీ కరెంటు దారిలోకి వచ్చేస్తాయి. వేసవిలో ఇది మరీ ప్రమాదం. కాలవలు కట్టేశాక మన నల్లరేగడి నెర్రెలిచ్చి ఎర్తు గొయ్యి ఎండిపోతుంది, లోపలి గొట్టం మట్టిని పట్టుకోదు. ఏదైనా బాడీకి ఫేజు తగిలిందనుకుని లెక్క వేసి చూడు. గొయ్యి 10 ఓమ్‌లు ఉంటే 230 వోల్టులకు పారేది 23 ఆంపియర్లు. 16 ఆంపియర్ల సీ రకం ఎంసీబీ తటాలున పడాలంటే 80 నుంచి 160 కావాలి. 23కి అది నిమిషాలకు నిమిషాలు తీసుకుంటుంది. గొయ్యి 40 ఓమ్‌లైతే ఆరు ఆంపియర్లు కూడా పారవు, ఎంసీబీ ఎప్పటికీ పడదు, బాడీ మాత్రం షాకు కొడుతూనే ఉంటుంది. ఇక్కడ ఆదుకునేది ఆర్‌సీసీబీయే. గొయ్యికి మూత, నీళ్ళు పోసే గరాటు ఉంచమని ఇంటావిడకు చెప్పు. ఎండల్లో పొద్దునే నాలుగు చెంబులు పోయమను.

అలాగని ఆర్‌సీసీబీ ఏదో రక్షరేకు అనుకోకు. ఎండు చెక్క బల్ల మీద నిలబడి ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రలు పట్టుకుంటే దానికి నువ్వూ ఒక బల్బువే, తెగదు. లోడు ఎక్కువై వైరు కాలినా దానికి పట్టదు, అది ఎంసీబీ పని. ఎంసీబీ కాపాడేది వైరును, ఏసీని కాదు. ఏసీ వేస్తే పడుతోందని 1.5 ఎంఎం వైరు మీద 32 ఆంపియర్లది పెట్టిన బోర్డులు చెంచుపేటలో నేనే చూశాను. లైట్లకు 1.5, పవర్ ప్లగ్గులకు 2.5, ఏసీకీ గీజరుకీ వేటికవి 4 ఎంఎం లాగు. పాత అల్యూమినియం వైరుకు కొత్త రాగి మెలిపెట్టి టేపు చుట్టొద్దు. ఆ జాయింటు తుప్పు పట్టి వేడెక్కుతుంది. మొత్తం పీకి మార్చు.

ఇంటావిడ ఇంకా గునిస్తే చట్టం సంగతి చెప్పు. 1956 నాటి విద్యుత్ నియమాల స్థానంలో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో, మళ్ళీ 2023లో భద్రతా నిబంధనలు తెచ్చింది. రెండు ఏసీలూ గీజరూ మోటారూ ఉన్న ఇంటికి ఎర్త్ లీకేజీ రక్షణ ఇష్టమైతే పెట్టుకునేది కాదు. అమెరికాలో డాల్జీల్ అనే ప్రొఫెసరు మనిషి ఒంటికి ఎంత కరెంటు ఏం చేస్తుందో ఏళ్ళ తరబడి కొలిచి 1961లో ఇలాంటి సాధనం చేశాడు. వాళ్ళ ఇళ్ళలో ఇప్పుడు 5 మిల్లీ ఆంపియర్లకే తెగుతుంది. మనం 30కే సణుగుతున్నాం. పెరిగిన లోడుకు కరెంటు కంపెనీ సీపీడీసీఎల్‌లో దరఖాస్తు కూడా ఆవిడ చేతనే పెట్టించు. నీ వైర్‌మన్ పర్మిట్ వచ్చాక కూడా లైసెన్సున్న కాంట్రాక్టరు చూసి సంతకం పెట్టకుండా పని అప్పగించకు.

మేస్త్రి గోడల్లో గాడులు పూడ్చకముందే ప్రతి గోడా ఫోటో తీసి ఆవిడ ఫోనుకు పంపించు. రేపు మేకు కొట్టేది ఇంటివాళ్ళే. బోర్డు తలుపు లోపల ఏ ఎంసీబీ ఏ గదిదో తెలుగులో రాసి అంటించు. ఆర్‌సీసీబీ టెస్ట్ బటను నెలకోసారి నొక్కడం ఆవిడకు చూపించు, పక్కనుండి ఆవిడ చేతే నొక్కించు.

మెగ్గరు మా ఇంట్లో చెక్క అలమరలో కింది అరలో ఉంది. ఆదివారం వచ్చి అత్తయ్యనడిగి పట్టుకెళ్ళు. సెల్లులు కారిపోయి ఉంటాయి, బోస్ రోడ్డులో కొత్తవి కొని వేసుకో.

ఇట్లు,
మీ మావయ్య