ఏరుకొనుట – విడుచుట

ధనధాన్యములను కూడబెట్టరాదని, శరణుల మాటలను మాత్రము ఎంతైనను కూడబెట్టవచ్చునని కొందరు భక్తులు తలంతురు. వస్తువునకు ఒక నీతియు, వాక్కునకు వేరొక నీతియు కలవని వారి అభిప్రాయము. విచారించి చూడగా రెంటికిని కొలత ఒక్కటే. ఏది ఏరుకొనవలెను, ఏది విడువవలెను, ఏరుకొన్నదానిని ఏమి చేయవలెను అను మూడు ప్రశ్నలకు శరణుల నడవడి నుండియు, కరువు నేల అనుభవము నుండియు సమాధానము వెదకుటయే ఈ పాఠము యొక్క ఉద్దేశము.

ఇల్లు దులుపు దినములు

ఉగాదికి ముందు అనంతపురము సీమలో ఇండ్లు దులిపి సున్నము కొట్టుదురు. ఏడాది పొడవున అటక మీద పడియున్న సామాను ఆ దినములలో వాకిటికి వచ్చును. చిల్లులు పడిన బిందెలు, పిడి ఊడిన కొడవళ్లు, తాళపుచెవి పోయిన పెట్టెలు, ఎలుకలు కొట్టిన గోనెసంచులు ఒక కుప్పగా చేరును. వాని నడుమ గుడ్డలో చుట్టిన తాటాకుల కట్ట ఒకటి, తాతగారి చేతివ్రాతతో నిండిన పుస్తకము ఒకటి, నల్లబడిన వెండి లింగకాయ, శ్రీశైలము నుండి ఎవరో తెచ్చిన నున్నని రాయి, చెల్లని రాగి నాణెములు కూడ బయటపడుచుండును.

అప్పుడు ఇంటిలో రెండు పక్షములు ఏర్పడును. అవ్వ దేనిని విడువనీయదు; ఎప్పటికైనను అక్కరకు వచ్చునని ఆమె వాదము. మనుమడు దేనిని నిలువనీయడు. పాత సామాను కొనువాని బండి వీధిలోనికి రాగానే అంతయు తూకమునకు వేయవలెనని అతని తొందర. అవ్వ గెలిచినచో చిల్లుబిందె మరల అటక ఎక్కును. మనుమడు గెలిచినచో తాటాకుల కట్ట పాత వార్తాపత్రికలతో కలిసి తక్కెడలో కూర్చుండును. రెండు విధములను నష్టమే.

ఈ సీమలో ఆ నష్టమునకు మరియొక కారణము కలదు. రాయదుర్గము తాలూకా 1953వ సంవత్సరము వరకు బళ్లారి జిల్లాలోనిది. మడకశిర, కల్యాణదుర్గము ప్రాంతములును కన్నడ దేశమును ఒరసికొని యున్నవి. ఇచ్చటి లింగాయత కుటుంబములలో కన్నడమున వచనములు వ్రాసికొన్న పెద్దలు అనేకులు. వారి మనుమలు తెలుగును ఆంగ్లమును చదివి, ఆ లిపిని ఎరుగరైరి. చదువరాని పుస్తకము చెత్తవలె కనుపించుట సహజము. అందులో నున్నది తాతగారి అప్పుల పద్దో, ఆయన ప్రతి సోమవారము చదువుకొన్న వచనమో తెలియకయే అది ఇల్లు దాటిపోవును.

మారయ్య దంపతుల కొలత

కల్యాణపట్టణమున బసవేశ్వరుల మహామనె ముంగిట జారిపడిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట ఒక శరణునకు కాయకముగా నుండెను. అందువలననే ఆయనకు ఆయ్దక్కి మారయ్య అని పేరు వచ్చినది. ఏరిన బియ్యము అని ఆ కన్నడ పదమునకు అర్థము. ఏరిన దానితో దంపతులు జంగమదాసోహము నడపుచుండిరి. ఒకనాడు మారయ్య నిత్యము తెచ్చు దానికంటె అధికముగా బియ్యము తెచ్చెను. ఆయన భార్య లక్కమ్మ ఆ మూటను చూచి సంతోషింపలేదు. అధికమైన దానిని ఎచ్చట నుండి తెచ్చెనో అచ్చటనే పోసి రమ్మని భర్తను మరల పంపెను.

ఈ కథలో గమనింపవలసిన అంశములు రెండు. మొదటిది, లక్కమ్మ ఏరుటను నిషేధింపలేదు. నేల మీద పడిన గింజ కాలి క్రింద నలిగిపోకుండ ఎత్తుట పుణ్యకార్యమే; అది ఆ ఇంటి కాయకము. రెండవది, ఆమె కొలత మూట బరువు కాదు, ఆనాటి దాసోహము. దాసోహమునకు మించినది ఇంట నిలిచినచో అది కాయకఫలము కాక ఆశాఫలమగును. ఏరుటకును కూడబెట్టుటకును నడుమ గీత ఎచ్చట నున్నదో పండితులు అనేక వాక్యములలో చెప్పుదురు. ఆ ఇల్లాలు ఒక మూటను వెనుకకు పంపి చూపినది.

కల్యాణము విడిచిన నాడు

పన్నెండవ శతాబ్దమున బిజ్జలుని పాలన చివరి దినములలో కల్యాణమున కల్లోలము పుట్టి, శరణులు దిక్కులకు చెదరిపోయిరి. చెన్నబసవేశ్వరులు మొదలగువారు వచనముల కట్టలను కాపాడుకొనుచు ఉళవికి చేరిరని సంప్రదాయము చెప్పుచున్నది. ఇండ్లు, పశువులు, పాత్రలు వెనుక నిలిచిపోయినవి. ఒక్క రాత్రిలో ఊరు విడువవలసి వచ్చినపుడు ఏది చేత పట్టవలెనను ప్రశ్నకు వారు ఇచ్చిన సమాధానము ఆ కట్టలు.

తరువాతి కాలమున విజయనగర రాజ్యమందు, 15వ శతాబ్దమున, శివగణప్రసాది మహాదేవయ్య ఆ వచనములను ఏరి, అల్లమప్రభువు శరణులతో జరిపిన సంభాషణల వరుసలో కూర్చి శూన్యసంపాదనె అను గ్రంథమును నిలిపెను. ఆయన వెనుక మరి మువ్వురు దానిని మరల కూర్చిరి. శూన్యమును సంపాదించుట అని ఆ పేరునకు అర్థము. లోకులు వస్తువును సంపాదింతురు. శరణుడు తనలోని వెలితిని కాదు, తనలోని నిండిన చెత్త తొలగిన చోటును సంపాదించును. మాటలను ఏరి కూర్చిన గ్రంథమునకు ఆ పేరు పెట్టుటయే పెద్ద బోధ. ఎన్నియో మాటలు ఏరినను, ఏరిన ఫలము లోపల ఖాళీ యగుట.

మాటలను ఏరిన మహనీయులు

తెలుగునేలపై ఈ పనిని తొలుత చేసినవారిలో పాల్కురికి సోమనాథుడు ముఖ్యుడు. భక్తుల నోట నానుచున్న శరణుల కథలను ఏరి ద్విపదలో బసవపురాణమును రచించెను. ఆయన ఏరినది తెలుగువారి సొత్తుగా మాత్రమే నిలువలేదు. 1369లో భీమకవి దానిని కన్నడమున వ్రాసెను. కన్నడదేశమున పుట్టిన కథ తెలుగున గ్రంథమై, మరల కన్నడదేశమునకు చేరినది. ఇది వాక్కునకు దాసోహము.

వచనముల విషయమున ఫకీరప్ప గురుబసప్ప హళకట్టి గారి (1880–1964) జీవితము ప్రత్యేకముగా చదువదగినది. ధారవాడలో జన్మించి, విజాపురములో న్యాయవాదిగా స్థిరపడిన ఆ పెద్దమనిషి వృత్తి సంపాదనకంటె తాటాకుల మీద దృష్టి నిలిపెను. ఊరూరు తిరిగి, ఇండ్ల గూళ్లలోను మఠముల పెట్టెలలోను పడియున్న కట్టలను వెదకి, ప్రతులను పోల్చి, 1923లో వచనశాస్త్రసారము మొదటి భాగమును వెలువరించెను. 1925లో హితచింతక ముద్రణాలయమును, 1926లో శివానుభవ పత్రికను స్థాపించి తన కాలమును ధనమును వానికే వెచ్చించెను. నిరాడంబరముగా జీవించి, నిరాడంబరముగానే లింగైక్యము చెందెను. ఆయన పుట్టిన జూలై 2వ తేదీని కర్ణాటకమున వచనసాహిత్య సంరక్షణ దినముగా జరుపుచున్నారు. ఆయన వేసిన బాట వెంబడి పండితులు శ్రమించగా, 1993లో కర్ణాటక ప్రభుత్వము సమగ్ర వచన సంపుటములను 15 భాగములుగా ప్రకటించెను. నేడు 20 వేలకు పైగా వచనములు అచ్చులో నున్నవి. అందులో ప్రతి యొక్కటియు ఒకనాడు ఎవరి ఇంటి అటక మీదనో పురుగుల పాలు కావలసినదే.

కదిరి ప్రాంతమున కటారుపల్లెలో వేమనయోగి సమాధి కలదు. వేమన వీరశైవుడా కాదా అని పండితులు వాదించుకొనిరి. లింగధారులను కూడ ఆయన విమర్శింపక విడువలేదు. ఆ వాదము ఎటు తేలినను, ఆయన పద్యములు దొరకిన విధము ఈ పాఠమునకు పనికివచ్చును. జనుల నోళ్లలోను చెదరిన వ్రాతప్రతులలోను నున్న పద్యములను చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ సేకరించి, ప్రతులను పోల్చి, 693 పద్యములను ఆంగ్లానువాదముతో 1829లో అచ్చు వేయించెను. 1840లో జంగముల ఆచార సాహిత్యములను గూర్చి కూడ ఒక వ్యాసము వ్రాసెను. కడపలో ఆయన బంగళా ఉండిన స్థలముననే నేడు ఆయన పేర గ్రంథాలయము, భాషాపరిశోధన కేంద్రము నెలకొన్నవి. రాయదుర్గమున జన్మించిన జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారి పట్టుదల దానికి పునాది.

కరువు నేల చెప్పు నీతి

ఇచ్చట ఒక ఆక్షేపణ పుట్టును. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడు సీమలో, దాచనివాడు బ్రతుకునా? 1876–78 సంవత్సరముల ధాత కరువున అనంతపురము ఇంకను బళ్లారి జిల్లాలోని భాగము; ఆ కరువునకు మిక్కిలి దెబ్బతిన్న జిల్లాలలో బళ్లారి ఒకటి. అనంతపురము ప్రత్యేక జిల్లా యైనది 1882లో. పడమటి కనుమల చాటున నున్న ఈ పీఠభూమికి నైరుతి మేఘము చాలీచాలక చేరును, ఈశాన్య మేఘము అలసి చేరును. అట్టి నేలపై పెద్దలు పాతరలు త్రవ్వి ధాన్యము దాచిరి. అది లోభమని ఎవరు చెప్పగలరు?

అది లోభము కాదు. పాతరలోని గింజకు రెండే గతులు: కరువునాడు ఆకలి తీర్చుట, తొలకరినాడు భూమిలో పడుట. ఆ రెండును లేక పుచ్చిపోయినపుడే అది లోభమైనది. వేరుసెనగ రైతు ఈ సంగతిని బాగుగా ఎరుగును. విత్తనమునకు ఉంచిన కాయలను అతడు ఒలిచి పెట్టడు. ఒలిచిన గింజ త్వరగా మొలకశక్తి కోల్పోవును. కాయలోనే భద్రపరచి, విత్తుటకు కొద్దిదినముల ముందు ఒలుచును. ఎంత కరువు వచ్చినను విత్తనపు మూటను ముట్టక వేరుగా నుంచుటకే పాటుపడును. అయినను ఆ మూట అతని చేనికి తగినంతయే యుండును.

శరణుల మాట కూడ విత్తనము వంటిది. పుస్తకమున వ్రాసికొనుట కాయలో దాచుట. ఆచరణ అను తొలకరికి దానిని ఒలిచి విత్తవలెను. వంద వచనములు వ్రాసికొని ఒక్కదానినైనను నడవడిలో పెట్టనివాడు, చేను లేకయే విత్తనపు గోనెలు పేర్చుకొన్నవాడు. లక్కమ్మ కొలతకు అవియును లోబడియే యుండును.

గృహస్థులు ఆచరింపదగిన నియమములు

మొదటిది: చూడక పారవేయరాదు. ఇల్లు దులుపునపుడు వ్రాత యున్న ప్రతి వస్తువును ముందుగా వేరుచేసి యుంచవలెను. కన్నడము చదువగల పెద్దకో, సమీప మఠమునందలి స్వాములకో చూపి, అదేమో తెలిసిన పిదపనే నిర్ణయింపవలెను.

రెండవది: తాటాకులను నీటితో కడుగరాదు, ఎండలో పరువరాదు, అంటుకొన్న ఆకులను లాగరాదు. మెత్తని పొడిగుడ్డతో దుమ్ము తుడిచి, నూలుగుడ్డలో చుట్టి, తడి తగులని చోట నుంచవలెను. ఇంట కాపాడలేనివారు తిరుపతిలోని ప్రాచ్యపరిశోధన సంస్థ వంటి చోటికి అప్పగించుట మేలు. ఇచ్చుటకు ముందు చేతిఫోనుతో ఛాయాచిత్రములు తీసికొనినచో ఇంటికి జ్ఞాపకమును, లోకమునకు గ్రంథమును దక్కును.

మూడవది: నచ్చిన మాటను వ్రాసికొనునపుడు అది ఎవరిదో, ఎచ్చట దొరకినదో కూడ వ్రాయవలెను. వచనమునకు చివర నుండు అంకితమే దాని గుర్తు. కూడలసంగమదేవ అని యున్న బసవేశ్వరులది, గుహేశ్వర అని యున్న అల్లమప్రభువుది, చెన్నమల్లికార్జున అని యున్న అక్కమహాదేవిది. అంకితము లేక, గ్రంథము పేరు లేక, ఫోనులలో బసవేశ్వరుల పేర తిరుగు మాటలను వెంటనే పుస్తకమునకు ఎక్కింపరాదు. పొల్లును విత్తనముతో కలుపుట విత్తనమునకే చేటు.

నాలుగవది: వస్తువుల విషయమున, ఎవరిదో ఎందులకో తెలిసినదానికి చిన్న చీటీ వ్రాసి కట్టవలెను. ఆ చీటీ లేనినాడు తాతగారి లింగకాయ మనుమనికి వట్టి వెండి ముక్క. ఎవరికిని కథ తెలియక, ఎవరికిని పనికిరాక యున్నదానిని నిస్సంకోచముగా విడువవలెను. పనికివచ్చు బిందెను, బట్టను అవసరము గలవారికి ఈయవలెను. చిరిగినదానిని ఇచ్చి దాసోహమని చెప్పుకొనుట తగదు.

వీరశైవుని సమాధి చేయునపుడు ఇష్టలింగము ఆతనితో కూడ సమాధిలో చేరును. ఇల్లు, పొలము, పెట్టెలు, పుస్తకములు మీద నిలిచిపోవును. కనుక ఏరుకొన్న వచనపు పుస్తకము కూడ ఒకనాడు చేయి మారవలసినదే. అది మనుమల చేతికి పోవునా, తక్కెడలోనికి పోవునా అనునది, బ్రతికి యుండగా దానిని ఎవరికి చదివి వినిపించినారో దానిపై ఆధారపడి యుండును. ఈ ఉగాదికి ఇల్లు దులుపువారు తాతగారి పుస్తకమును తక్కెడకు ఎత్తక మునుపు ఒక్క పుట విప్పి, చదువగల వారిచే ఇంటిల్లిపాదికి చదివించుట మంచిది.

మననము చేయవలసిన ప్రశ్నలు

1. లక్కమ్మ బియ్యమును ఏరుటను కాక అధికమైన మూటను మాత్రమే ఏల మరల పంపెను?
2. పాతరలోని ధాన్యము ఎప్పుడు ధర్మము, ఎప్పుడు లోభము?
3. ఇంటనున్న పాత వ్రాతలలో చదివి చూడనివి ఎన్ని? వానిని చదువగలవారు ఊరిలో ఎవరు?
4. వ్రాసికొన్న వచనములలో ఈ ఏడాది నడవడికి వచ్చినది ఏది?